పాత గల్లీ మంచినీళ్ళు

జూన్ 8, ఆదివారం

పాత గల్లీలో ఈరోజు నల్లాలు తిప్పారు. నీళ్ళు వచ్చాయి. ధారగా, తేటగా, చూడముచ్చటగా వచ్చాయి. మా మంచినీళ్ళ కమిటీలో ఆరుగురం. గల్లీ వాళ్ళు ముగ్గురు, మా అపార్ట్‌మెంట్ వాళ్ళం ముగ్గురం. ఆరుగురమూ చప్పట్లు కొట్టాం. మార్చిలో రాళ్ళు రువ్వుకున్న వాళ్ళం జూన్‌లో ఒకే నల్లా చుట్టూ నిలబడ్డామంటే చిన్న సంగతి కాదు. నన్ను నేను మెచ్చుకుంటున్నాను. డైరీలో కాకపోతే ఇంకెక్కడ మెచ్చుకోవాలి? ఇంట్లో ఓబులేసు మెచ్చుకోడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన మనస్ఫూర్తిగా మెచ్చుకున్నది మా అమ్మ చేసే ఓళిగల్ని మాత్రమే.

అసోసియేషన్ ప్రెసిడెంట్ పార్థసారథి గారు మైకు పట్టుకున్నారు. "కొన్ని చిన్న చిన్న అపార్థాలు వచ్చాయండి, అవన్నీ సమసిపోయాయండి" అన్నారు. చిన్న అపార్థాలట. మా మురుగునీటి ప్లాంటు చెడిపోయి, ఆ మురుగంతా రెండు నెలలు పాత గల్లీ కాలువలోకి పారింది. వాళ్ళ మరుగుదొడ్లు వెనక్కి తన్నాయి, బోరు నీళ్ళు కంపు కొట్టాయి, పిల్లలు ఆసుపత్రి పాలయ్యారు. మొత్తుకుని మొత్తుకుని విసిగిపోయి ఒకరోజు వాళ్ళు మా మ్యాన్‌హోల్‌లో ఇసుక బస్తాలు కుక్కారు. మురుగు తిరిగి మా సెల్లార్‌కే వచ్చింది. కార్లు నానాయి. తర్వాత కర్రలు, రాళ్ళు, తలలకు కుట్లు, పోలీసులు. ఓబులేసు కారు అద్దం పగిలింది. ఓబులేసు రాసిచ్చిన ఫిర్యాదు మీద, గల్లీ చివర కొట్టు నడిపే మహేశ్ నాలుగు రోజులు లోపల ఉన్నాడు. చివరికి స్టేషన్‌లో రాజీ కుదిరింది. ఇరువైపులా కేసులు వెనక్కి తీసుకోవాలి. మేం ప్లాంటు బాగుచేసి, గల్లీకి కొత్త డ్రైనేజీ వేయించి, మా సంపులోంచి మంచినీళ్ళు కూడా ఇవ్వాలి. డ్రైనేజీ మే నెలలో పూర్తయింది. మరుగుదొడ్లు బాగుపడ్డాయి. ఈరోజు నీళ్ళు. ఇంత జరిగితే ఆయన నోటికి అపార్థం అనే మాటొకటి దొరికింది.

మహేశ్ భార్య రేణుక కూడా వచ్చింది. వెనకాల నిలబడింది. మా గేటు పక్క షట్టర్‌లో ఏళ్ళ తరబడి కర్రీ పాయింట్ నడిపిన మనిషి. ఆఫీసు నుంచి వస్తూ రోజూ అక్కడ ఆగేదాన్ని. కూర ఒక సాకు, కబుర్లే అసలు పని. బోరు చెడిననాడు దించిన షట్టర్ ఇంకా లేవలేదు. క్యాన్ నీళ్ళు కొని కూరలమ్మితే గిట్టదు. బోనాల పండుగ దాకా చూసి, ఆ షట్టర్‌ను మొబైల్ షాపు వాడికి ఇచ్చేస్తానని ఓనరు చెప్పాడట. అది పోతే రేణుకకు మళ్ళీ అలాంటి చోటు దొరకదు.

ఇప్పుడు నీళ్ళొచ్చాయి కాబట్టి తెరుస్తుంది. నన్ను మాత్రం చూడలేదు. చూడకపోతే నాకేం? నేను వెళ్ళింది నీళ్ళ కోసం, రేణుక కోసం కాదు.

జూన్ 10

నీళ్ళ పరీక్ష రిపోర్టు వచ్చింది. అన్నీ పాస్. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో తల పండిన దాన్ని, పాస్ అన్న మాట కనబడితే నాకు మంచి కాఫీ తాగినంత హాయి. రిపోర్టును లామినేట్ చేయించి గల్లీ ట్యాంకుకు కట్టించాను. ఇంగ్లీషులో ఉంది. పర్వాలేదు, ముద్ర పెద్దదిగా ఉంది.

జూన్ 12

ఆఫీసు నుంచి త్వరగా బయటపడి గల్లీలోకి వెళ్ళాను. నీళ్ళు బ్రహ్మాండంగా వాడుతున్నారు. ఒకాయన ఆటో కడుగుతున్నాడు. ఒకావిడ వాకిలి కడుగుతోంది. ఒక గేదె స్నానం చేస్తోంది. తాగుతున్న వాళ్ళు మాత్రం కనబడలేదు.

లింగమూర్తి గారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. రేణుక మామగారు, మహేశ్ తండ్రి, ఒకప్పటి వార్డు మెంబరు. కమిటీలో వాళ్ళ వైపు పెద్దమనిషి.

"నీళ్ళు ఎట్లా ఉన్నాయి పెద్దయ్యా?" అన్నాను.

"మంచిగున్నయమ్మా. బర్రె గూడ ఖుష్ ఉన్నది."

"మనుషులు?"

"మనుషులు గూడ ఖుషే. తానాలు చేస్తున్నరు, బట్టలు పిండుకుంటున్నరు."

"తాగుతున్నారా అని అడుగుతున్నా."

"తాగుతరు తాగుతరు. జర టైమియ్యి. నువ్వు ఫికర్ చెయ్యకు."

ఆయన పక్కనే ఇరవై లీటర్ల క్యాన్ ఉంది. చూడనట్టు వచ్చేశాను.

జూన్ 13

బహుశా ఆ క్యాన్ ఖాళీది అయి ఉంటుంది.

జూన్ 15, ఆదివారం

ఖాళీది కాదు.

ఈరోజు నేరుగా రేణుకనే అడిగాను. నల్లా దగ్గర బకెట్ పట్టుకుంటోంది. నన్ను చూసి కొంగు సర్దుకుంది. పరాయి వాళ్ళను చూస్తే చేసే పని అది.

"నీళ్ళు పరీక్ష చేయించాం రేణుకా. రిపోర్టు కట్టించాను, చూశావా?"

"చూసిన మేడం."

మేడం. మార్చికి ముందు అక్కా అనేది. ఒక్కోసారి ఒసేయ్ అక్కా అని కూడా అనేది.

"మరి షట్టర్ ఎప్పుడు తెరుస్తున్నావు?"

బకెట్ నా ముక్కు దగ్గరికి ఎత్తింది. "ఏం వాసనొస్తుంది చెప్పు మేడం."

"బ్లీచింగ్. అది మంచిదే, పురుగులు చస్తాయి."

"మాకు బ్లీచింగ్ ఎక్కడ చల్లుతరో ఎరికేనా? మోరీల పొంటి చల్లుతరు. చెత్తకుండి కాడ చల్లుతరు. కుక్క సచ్చిన కాడ చల్లుతరు. గా వాసనొచ్చిన కూర ఎవడు కొంటడు? మోరీ నీళ్ళతోని వండిందంటరు. నా పేరు పోతది." బకెట్ కింద పెట్టింది. "మీ ఇంట్ల తాగుతున్నరా గీ నీళ్ళు?"

"తాగుతున్నాం" అన్నాను.

ఇది అబద్ధం అనడానికి వీల్లేదు. పప్పు కడిగేది ఆ సంపు నీళ్ళతోనే. పళ్ళు తోముకునేది వాటితోనే, పుక్కిలించేది వాటితోనే. పుక్కిలించేటప్పుడు కాస్తో కూస్తో లోపలికి పోతాయి. పోకుండా ఉంటాయా?

జూన్ 16

నీళ్ళు వేసే ఓంకార్ మామూలుగా రెండు క్యాన్లు భుజాన వేసుకుని వచ్చాడు. వంటింట్లో దించి, చెమట తుడుచుకుని, నవ్వు ఆపుకుంటూ నిలబడ్డాడు.

"ఏమైంది ఓంకార్?"

"ఏం లేదు మేడం. పాత గల్లీల మీ ముచ్చటే నడుస్తుంది. నాగమణి మేడం ఇంట్ల నల్లా నీళ్ళే తాగుతరట గదా అని రేణుకక్క అడిగింది. నాకేం తెల్వక, వారానికి నాలుగు క్యాన్లు వేస్తున్న గదా అని చెప్పిన. అందరు ఒకటే నవ్వుడు."

వీడి నోట్లో నువ్వుగింజ నానదు. గల్లీకీ వీడే నీళ్ళు వేస్తాడు, మాకూ వీడే వేస్తాడు. ఇంతమంది ఇంజనీర్లం కూర్చుని వేసిన పథకంలో ఈ సంగతి ఒక్కరికీ తట్టలేదు. మా అపార్ట్‌మెంట్‌లో ఏ ఫ్లాట్ తలుపు తెరిచినా క్యాన్ అయినా ఉంటుంది, గోడకు ఫిల్టరయినా ఉంటుంది. మేం ఒక్కరమూ తాగని నీళ్ళను కొబ్బరికాయ కొట్టి మరీ వాళ్ళ చేతిలో పెట్టాం.

సిగ్గేసింది. రాత్రి అన్నం సయించలేదు.

జూన్ 17

ఓంకార్‌ను మార్చాలి.

జూన్ 19

ఆఫీసు క్యాంటీన్‌లో రేణుక.

మొదట పోల్చుకోలేదు. తలకు ప్లాస్టిక్ టోపీ, చేతులకు గ్లవ్స్. రాయదుర్గంలో ఇన్ని టవర్లుంటే మా టవర్‌లోనే, మా ఫ్లోర్ క్యాంటీన్‌లోనే రొట్టెల కౌంటర్ దగ్గర నిలబడి ఉంది. పిండి ముద్దలు యంత్రంలో వేస్తుంటే అవి గుండ్రంగా ఒకేలా బయటికి వస్తున్నాయి. రేణుక ఒక్కో కూరకు ఒక్కో పేరు పెట్టుకుని వండేది. టమాటా పప్పుకు ఇంటల్లుడు అని పేరు, రోజూ ఉంటుంది కాబట్టి. ఆ మనిషి అక్కడ పేరు లేని రొట్టెలు అందిస్తోంది.

నా వంతు వచ్చింది. రెండు రొట్టెలు పెట్టింది. "నెక్స్ట్" అంది.

తిరిగి వచ్చి మీటింగ్‌లో కూర్చున్నాను. ఎవరో ఏదో రిలీజ్ గురించి చెప్పారు. అన్ని టెస్టులూ పాసయ్యాయి, కస్టమర్ మాత్రం వాడటం లేదు అన్నారు. అందరూ కస్టమర్‌ను తిట్టారు. నేను తిట్టలేదు.

జూన్ 20

క్యాన్లు బంద్ చేశాను. ఓంకార్‌కు ఫోన్ చేసి చెప్పాను. వాడు బాధపడ్డాడు. ఈ సంగతి కూడా గల్లీలో చెప్పమన్నాను. సంతోషించాడు.

సాయంత్రం ఓబులేసు వంటింట్లో నిలబడి అటూ ఇటూ చూశాడు.

"ఏమ్మే, క్యాన్ యాడ?"

"ఇంక క్యాన్ రాదు. కొళాయి నీళ్ళే."

"ఆ మురుగు నీళ్ళు నేను తాగను."

"ఆ మురుగు మనదే కదా."

జవాబు లేనప్పుడు ఓబులేసు టీవీ పెడతాడు. పెట్టాడు.

నేను గ్లాసు నిండా పట్టుకుని ఒక్క గుక్కలో తాగాను. ఈతకొలనులో మునిగి తేలినట్టుంది. రేణుక చెప్పింది నిజం.

జూన్ 22

కడుపు బాగానే ఉంది.

జూన్ 23

కడుపు బాగానే ఉంది. కాఫీ మాత్రం కాఫీలా లేదు. ఓబులేసు నీళ్ళ సీసాలు కొని తెచ్చుకుని బీరువాలో నా పట్టుచీరల వెనక దాస్తున్నాడు. సీసాలున్నాయని నాకు తెలుసని ఆయనకు తెలియదు.

జూన్ 26

వాసన ఎందుకంత ఘాటుగా ఉందో తేలింది. మా సంపు చూసుకునే ఏజెన్సీ వాళ్ళను నిన్న పిలిపించి లెక్క అడిగాను. మందు మామూలు మోతాదుకు రెట్టింపు వేస్తున్నారు. ఎవరు చెప్పారయ్యా అంటే పార్థసారథి గారు చెప్పారన్నారు. ఆయన్ను అడిగాను.

"గొడవలు జరిగిన చోటు కదండీ. ఎందుకైనా మంచిదని, మనవైపు నుంచి ఏ లోటూ ఉండకూడదని డబుల్ వేయమన్నానండి."

ఆయన తప్పేం లేదు. ఆయన ఇంట్లో చుట్టాలు వస్తే కూడా అంతే, వద్దన్నా నెయ్యి రెండు గరిటెలు వేస్తారు. మోతాదు సగానికి తగ్గించి, లింగమూర్తి గారిని సంపు దగ్గర నిలబెట్టి కళ్ళముందే కొలిపించాను. ఇంకో సంగతి. రాత్రి పడుకునేముందు నీళ్ళు ఇత్తడి బిందెలో పట్టి గుడ్డ కప్పి ఉంచాను, జమ్మలమడుగులో మా ఇంట్లో చేసినట్టు. తెల్లారేసరికి ఉన్న కాస్త వాసనా పోయింది. కాఫీ మళ్ళీ కాఫీ అయింది. రెండు గ్లాసులు తాగాను.

జూన్ 29, ఆదివారం

వాన. పకోడీలు. ఏం రాయడానికి లేదు, హాయిగా ఉంది.

ఓబులేసు బిందెలోంచి ఒక గ్లాసు ముంచుకుని వాసన చూసి, సింకులో పోశాడు. అంటే ముట్టుకునే దాకా వచ్చాడు.

జూలై 3

లింగమూర్తి గారు ఇంటికి వచ్చారు. ఏదో డ్రైనేజీ మూత గురించి అడగాలని వచ్చానన్నారు. డ్రైనేజీ మూత ఫోన్‌లో అడగవచ్చు. వస్తూనే వంటింటి గుమ్మం దాకా వచ్చి, తల వంచి, మూల మూలా చూశారు. క్యాన్ స్టాండు మీద ఇప్పుడు మనీప్లాంటు ఉంది.

"ఓంకార్ చెప్పిండు. నేను నమ్మలే. పోయి నా కండ్లతోని చూస్తా అన్న."

బిందెలోంచి గ్లాసు ముంచి ఇచ్చాను. ఆయన కొంచెం నోట్లో పోసుకుని, తిప్పి, మింగారు. మిగతాది గడగడా తాగేశారు.

"మంచిగనే ఉన్నయి. మా గల్లీల గూడ బిందెలల్ల పట్టి పెట్టుమంటా."

నాకు లేచి గంతులేయాలనిపించింది. నా వయసుకు, నా మోకాళ్ళకు బాగుండదని ఆగాను.

జూలై 8

గల్లీలో ఇల్లిల్లూ తాగుతున్నారు. అరుగు మీద, కిటికీల్లో, గుడ్డలు కట్టిన బిందెలే. ఓంకార్ కళ తప్పాడు. నేను ఇవాళ ఆఫీసులో అకారణంగా అందరికీ మిఠాయి పంచాను.

రేణుక ఇంట్లో మాత్రం ఇంకా క్యాన్ వెళ్తోంది. షట్టర్ దించే ఉంది. నాకు కోపం వచ్చింది. ఇంకా ఏం చేయాలి నేను ఆమెకు? వాసన పోయింది, గల్లీ అంతా తాగుతోంది, పెద్దాయన మా ఇంటికొచ్చి తాగాడు. బోనాలు ఇంక పన్నెండు రోజుల్లోకి వచ్చాయి. మొబైల్ షాపు వాడు వచ్చి టేపు పెట్టి షట్టర్ కొలుచుకుని పోయాడు. ఇంత పంతమా?

ఇదే మాట లింగమూర్తి గారితో అన్నాను.

"గిది నీళ్ళ ముచ్చట గాదు బిడ్డా. రేణుకది గూడ గాదు. మా పోరనిది. మహేశ్‌కు గా గేటు నీళ్ళు గొంతు దిగుతలేవు. బస్తాలు పెట్టింది తప్పే, వాడే అంటడు. కాని నాలుగు రోజులు లోపలుండి బయటికొచ్చిన్నాడు మీ ఆయన ఎదురైండు. అన్నా అన్నా అనుకుంట వీడు ఆయనెంట తిరిగినోడే గదా. ఒక్క మాటన్న అంటడేమోనని ఆగిండట. మీ ఆయన మొకం తిప్పుకొని పోయిండు. గది కడుపుల పెట్టుకున్నడు. మొగడు తాగని నీళ్ళతోని పెండ్లాం వండుతదా?"

ఇంటికొచ్చి ఓబులేసును నిలదీశాను.

"నా కారు అద్దం పగలగొట్టింది వాళ్ళు కాదా?" అన్నాడు.

"కారు అద్దం మార్చుకున్నావు. వాడి నాలుగు రోజులు ఎవరు మారుస్తారు?"

టీవీ రిమోట్ చేతిలోకి తీసుకున్నాడు. కానీ టీవీ పెట్టలేదు. కొంచెం ఆగి, "ఏం మొకం పెట్టుకోని మాట్లాడేది? పిల్లోడు రోజూ నా బండి తుడిచి పెడతాండె. నేనే పేరు రాసిస్తి. ఎదురుపడితే తలకాయ పైకి ల్యాకపాయ" అన్నాడు.

నాకు ఆయన మీద జాలేసింది. ఆ జాలి కనబడనీయకుండా వంకాయలు తరిగాను.

జూలై 10

ఓబులేసు ఈమధ్య సాయంత్రాలు నడకకు వెళ్తున్నాడు. గల్లీ చివరి దాకా వెళ్ళి వస్తున్నాడు. అటు కుక్కలుంటాయి, జాగ్రత్త అన్నాను. షుగర్ తగ్గడానికి మంచిదే.

జూలై 12

బీరువాలో సీసాలు లేవు. కొత్త చోటు వెతుక్కుని ఉంటాడు. వెతికాను, దొరకలేదు.

జూలై 13, ఆదివారం

పార్థసారథి గారికి ఒక ఆలోచన వచ్చింది. వచ్చే ఆదివారం ఊరి బోనాలు. ఊరేగింపు మా గేటు ముందునుంచే పోచమ్మ గుడికి పోతుంది. మనం గేటు దగ్గర పందిరి వేసి, కొత్త లైను నీళ్ళు డ్రమ్ముల్లో నింపి, బోనం ఎత్తుకున్న ఆడవాళ్ళ కాళ్ళ మీద పోద్దామండి, ఫొటోగ్రాఫర్‌ను పెడదామండి అన్నారు. ఎవరు పోసినా బోనం మోసే మనిషి కాదనకూడదు. అది ఆ మనిషికి కాదు, అమ్మవారికి పోసినట్టు. రేణుక ఏటా బోనం ఎత్తుతుంది.

"కాదనలేరు కదండీ. ఒక్క ఫొటోతో గొడవ ముగిసిపోయినట్టే."

అద్భుతం అనిపించింది. నేనే పోస్తాను అని కూడా అన్నాను. ఏ చీర కట్టుకోవాలో ఆలోచించాను. ఆకుపచ్చ కంచి.

జూలై 14

వద్దన్నాను.

కాదనడానికి వీల్లేని చోట నిలబెట్టి కాళ్ళ మీద నీళ్ళు పోసి, చూశారా ఒప్పుకుంది అని ఫొటో తీసుకోవడమేమిటి? మా ఆఫీసులో కస్టమర్ చెయ్యి పట్టుకుని మనమే బటన్ నొక్కించి, నచ్చిందని రాసుకున్నట్టు. పార్థసారథి గారు నొచ్చుకున్నారు. పందిరి లేదు, డ్రమ్ములు లేవు, ఫొటోగ్రాఫర్ లేడు. రేణుకకు ఇష్టమైతే తాగుతుంది, లేకపోతే లేదు.

ఇష్టమైతే బాగుండు. రాస్తున్నాను కాబట్టి ఒప్పుకుంటున్నాను, నేను మొదటినుంచీ వెళ్ళింది రేణుక కోసమే. ఆమె లేక నాకు సాయంత్రాలు తోచడం లేదు.

జూలై 19

ఊరేగింపు దారి మార్చారట. ఈసారి మా గేటు ముందుకు రాదు, వెనక వీధి నుంచి పోతుందట. వాచ్‌మన్ చెప్పాడు. షట్టర్ తాళాలు సోమవారం మొబైల్ షాపు వాడికి ఇస్తారని కూడా వాడే చెప్పాడు.

సరే.

జూలై 20, ఆదివారం

ఇది ఇప్పుడే రాయాలి.

మధ్యాహ్నం వాన తెరిపిచ్చి ఎండ కాసింది. నేను పాత నూలు చీరలో, కరివేపాకు కోసం కిందికి దిగాను. డప్పులు వినబడ్డాయి. వెనక వీధిలో అనుకున్నాను. డప్పులు దగ్గరయ్యాయి. మలుపు తిరిగి ముందు పోతరాజు వచ్చాడు, కొరడా తిప్పుకుంటూ. వెనక డప్పుల వాళ్ళు. వాళ్ళ వెనక వరసగా బోనాలు. అన్నిటికన్నా ముందు రేణుక. పసుపు రాసిన ముఖం, పెద్ద బొట్టు, తలమీద పసుపు పూసి వేపాకులు చుట్టిన కుండ, కుండ మీద దీపం. పక్కన మహేశ్, దీపం ఆరకుండా చెయ్యి అడ్డుపెట్టి నడుస్తున్నాడు.

మా గేటు ముందుకు వచ్చి రేణుక ఆగింది.

ఆమె ఆగితే వెనక బోనాలన్నీ ఆగాయి. డప్పులు ఆగలేదు, ఒకే చోట కొడుతున్నారు. పోతరాజు పది అడుగులు ముందుకు పోయి, ఎవరూ రావడం లేదని చూసుకుని వెనక్కి వచ్చాడు. రోడ్డు వేడికి ఆవిరి లేస్తోంది. రేణుకవి చెప్పుల్లేని కాళ్ళు.

"నీళ్ళేవి?" అంది.

పందిరి వద్దన్నది నేనే. డ్రమ్ములు వద్దన్నది నేనే. గేటు దగ్గర ఒక చెంబు కూడా లేదు. వాచ్‌మన్ గదిలోకి పరిగెత్తాను. అన్నం వండుకునే గిన్నె దొరికింది, అడుగున మెతుకులు అంటుకుని ఉన్నాయి. కొళాయి కింద పెట్టి తోముతుంటే వేలి గోరు విరిగింది. అంత ఊరూ బోనాలు తలమీద పెట్టుకుని నేను గిన్నె తోమడం అయ్యేదాకా ఎండలో నిలబడి ఉంది. వెనక నుంచి రేణుక మళ్ళీ అడిగింది.

"నీళ్ళేవి?"

అప్పుడు తల తిప్పి చూశాను. ఆమె నన్ను చూడటం లేదు. తలమీద కుండ కదలకుండా, కళ్ళు మాత్రం పైకెత్తి మా మూడో అంతస్తు బాల్కనీ వైపు చూస్తోంది. అడిగింది నన్ను కాదు.

బాల్కనీలో ఎవరూ లేరు. లిఫ్ట్ తలుపు తెరుచుకుంది. ఓబులేసు వచ్చాడు. లుంగీ, బనీను. వంటింట్లో ఉండాల్సిన ఇత్తడి బిందె రెండు చేతులతో గుండెకు ఆనించుకుని, నీళ్ళు ఒలికి బనీనంతా తడిసి, పరిగెత్తలేక పరిగెత్తుతూ వచ్చాడు. బిందె అందుకోబోయాను. ఇవ్వలేదు. నన్ను దాటుకుని వెళ్ళి రేణుక ముందు నిలబడ్డాడు. ఒక మోకాలు నేలకు ఆనించి వంగాడు. మోకాళ్ళ నొప్పికి పూజ దగ్గర కూడా కుర్చీ వేసుకునే మనిషి. రేణుక కాళ్ళ మీద నీళ్ళు పోశాడు. నెమ్మదిగా, ముందు ఒక పాదం మీద, తర్వాత ఇంకో పాదం మీద.

తర్వాత లేవలేకపోయాడు. బిందె ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి నేల మీద ఆనించి, అలాగే ఉండిపోయాడు. మహేశ్ దీపానికి అడ్డుపెట్టిన చెయ్యి తీసి ఆయన రెక్క పట్టుకున్నాడు.

"లెవ్వన్నా" అన్నాడు. "మెల్లెగ."

ఓబులేసు లేచాడు. లేచి వాడి ముఖంలోకి చూశాడు. "మహేశా, నేను అట్ల రాసియ్యకుండా ఉండాల్సింది రా" అన్నాడు. డప్పుల్లో ఎంతమందికి వినబడిందో తెలియదు. నాకు వినబడింది.

మహేశ్ రెండు చేతులూ దోసిలి పట్టాడు. ఓబులేసుకు అర్థం కాలేదు. బిందెలో ఇంకా ఉన్నాయా అన్నట్టు తొంగి చూశాడు. "పొయ్యన్నా, దూపైతుంది" అన్నాడు మహేశ్. ఓబులేసు బిందె వంచాడు. మహేశ్ తాగాడు. మోచేతుల మీదుగా కారుతుంటే తాగాడు. అయిపోయాక ముఖం కూడా కడుక్కున్నాడు.

రేణుక నడిచింది. డప్పులు కదిలాయి. నేను వాచ్‌మన్ గిన్నె పట్టుకుని గేటు దగ్గర నిలబడి ఏడ్చాను. నా వంతుగా మిగతా బోనాల వాళ్ళ కాళ్ళ మీద ఆ గిన్నెతోనే పోశాను. ఎవరూ మెతుకుల గురించి అడగలేదు.

ఇంటికొచ్చాక ఓబులేసును అడిగాను. సీసాలు ఎప్పుడు మానేశాడని. బిందెలోవే తాగుతున్నానులే, ఎన్నాళ్ళయిందో గుర్తులేదు అన్నాడు. సాయంత్రం నడకలు గల్లీ చివర మహేశ్ కొట్టు దాకానట. రోజూ పోవడం, పిలవడానికి నోరు రాక తిరిగి రావడం. వాడు చూస్తూనే ఉన్నాడట, ఊరేగింపును మళ్ళీ మా గేటు ముందుకు తిప్పించింది వాడేనట. నేను కుక్కల గురించి జాగ్రత్త చెప్పాను.

జూలై 21

షట్టర్ తాళాలు మొబైల్ షాపు వాడికి ఇవ్వలేదు.

జూలై 24

ఆఫీసు నుంచి వచ్చేసరికి షట్టర్ ఎత్తి ఉంది. పోపు వాసన రోడ్డు దాకా వచ్చింది. నలుగురైదుగురు ఆఫీసు కుర్రాళ్ళు కవర్లు పట్టుకుని నిలబడ్డారు. రేణుక గరిటె తిప్పుతూ నన్ను చూసింది, చూడనట్టు ఉంది, మళ్ళీ చూసింది. నేనూ అంతే. పలకరింపు లేదు, క్షమాపణలు లేవు, ఆ మార్చి ఊసు ఎవరమూ ఎత్తలేదు. గుత్తి వంకాయ అడిగాను. అక్కడే ముక్క విరిచి నోట్లో వేసుకున్నాను.

ఉప్పు ఎక్కువైంది. ఆ మాటే అన్నాను.

రేణుక గరిటె పెనం మీద కొట్టి, "నాలుగు నెలల నుంచి చప్పిడి తిని నాలుక చచ్చింది నీకు, నా కూరకు వంక పెడ్తవా? తింటే తిను, లేకుంటే జరుగు, ఎన్క లైనున్నది" అని కుర్రాళ్ళందరి ముందూ తిట్టిపోసింది. నేను ప్లాస్టిక్ స్టూలు లాక్కుని అక్కడే కూర్చుని మొత్తం తిన్నాను. కడుపు నిండిపోయింది.